నేను చూసిన ఇళ్లు

నేను పిల్లల బగ్గీని. ఇల్ఫర్డ్‌లో ఒక ఛారిటీ షాపు కిటికీలో నిలబడి ఉండగా 2023 వేసవి మొదట్లో భీమవరం నుంచి వచ్చిన ఒక జంట నన్ను కొనుక్కున్నారు. వాళ్ల పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. ఇంట్లో పరుగులు పెట్టే పిల్లే కానీ లండన్ దూరాలకు ఆ కాళ్లు చాలవు. అప్పట్నుంచి ఇల్లు వెతుక్కుంటూ వాళ్లు దిగిన ప్రతి స్టేషన్‌లో నేనూ దిగాను. పాప పిలిచినట్టే నేనూ వాళ్లను అమ్మ, నాన్న అనే అంటాను.

ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు కిచెన్ చూస్తారు, కిటికీలు చూస్తారు, సీలింగ్ చూస్తారు. నాకు కనిపించేది మోకాళ్ల కింద ఉన్నదంతా. గుమ్మం ముందు మెట్లు, గోడ అడుగున చెమ్మ, పేవ్‌మెంట్ మీద లేచిపోయిన రాళ్లు, రోడ్డు దాటే చోట అంచు దింపారో లేదో. మూడేళ్ల పిల్ల రోజంతా గడిపేదీ ఆ ఎత్తులోనే. అందుకే ఈ విషయంలో నా మాటా వినాలి.

నాన్న ఆఫీసు పాడింగ్టన్ దగ్గర. ముందుగా తనొక్కడే వచ్చి ఈస్ట్‌హామ్‌లో రూమ్ తీసుకున్నాడు. అక్కడ రైలెక్కితే మారకుండా పాడింగ్టన్‌లో దిగొచ్చు. అమ్మ, పాప వచ్చాక ముగ్గురూ ఆ రూములోనే సర్దుకున్నారు. పాతకాలపు వరస ఇల్లు, నాలుగు రూముల్లో నాలుగు కాపురాలు, వంటింటికి వంతులు. నన్ను సన్నటి నడవలో మడిచి గోడకు ఆనించేవాళ్లు. వచ్చేపోయేవాళ్ల కాళ్లన్నీ నాకే తగిలేవి.

అయినా కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ముందు ఈస్ట్‌హామ్‌లో దిగడమే మంచిదని నేను గట్టిగా చెప్తాను. హై స్ట్రీట్ నార్త్‌లో గోంగూర, ములక్కాడలు, సోనా మసూరి బియ్యం దొరుకుతాయి. మానర్ పార్క్‌లో మురుగన్ గుడి ఉంది. వచ్చిన కొత్తలో అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకరోజు కిరాణా కొట్టు లైనులో పాప ఏడుస్తుంటే వెనకనుంచి ఒకామె, "ఆకలైతున్నట్టుంది, ఈ బిస్కెట్ ఇయ్యి చెల్లే" అంది. వరంగల్ ఆమె. ఆ సాయంత్రమే డాక్టరు సంగతి కూడా చెప్పింది. "అడ్రస్ ప్రూఫ్ లేదని జీపీ దగ్గరికి పోకుండా ఉండకు. కాగితాలు లేకున్నా వాళ్లు రాసుకోవాల్సిందే. ముందు పాప పేరు రాయించు." మర్నాడే రాయించారు. పరాయి దేశంలో మొదటి నెలల్లో ఇంటికంటే ముందు కావల్సింది ఇలాంటి మనిషి.

కానీ ఎన్నాళ్లు? నాన్న రోజూ రాత్రి ఫోన్‌లో మ్యాపు తెరిచేవాడు. ఎలిజబెత్ లైన్ 2022 మేలో మొదలైంది. తూర్పున ఇల్ఫర్డ్ నుంచి పడమర హేస్, స్లౌ, రెడింగ్ దాకా ఊళ్లన్నీ దాని మీదే. ఏ స్టేషన్ నుంచి ఆఫీసుకు ఎన్ని నిమిషాలు, అద్దె ఎంత అని లెక్కలు వేసేవాడు. మధ్యలో ఫోన్లు. హారోలో ఉన్న ఫ్రెండు హారో అంటాడు, రెడింగ్‌లో ఉన్న బావ రెడింగ్ అంటాడు, భీమవరం నుంచి తాతగారు "మనవాళ్లు నలుగురున్న చోట తీసుకోండిరా" అంటారు. ఎవరి ఊరు వాళ్లకు మంచిదే.

అన్నీ విన్నాక అమ్మ అంది: "ఏవండీ, మీరు పొద్దున వెళ్తే రాత్రికి గాని రారు. ఆఫీసుకు అరగంట అటూ ఇటూ అయినా మీకు ఒకటే. మీరు లేనప్పుడు నేనూ పాపా రోజంతా ఏ వీధిలో తిరుగుతామో, అది ముందు చూద్దాం."

ఇల్లు వెతకడం నిజానికి ఆ రాత్రే మొదలైంది. నాన్న మ్యాపు మూయలేదు, కానీ మర్నాటి నుంచి ఆఫీసు దూరానికి బదులు పార్కు దూరం, బడి దూరం చూడటం మొదలుపెట్టాడు.

ముందు మెట్ల సంగతి. లండన్ అండర్‌గ్రౌండ్‌లో 272 స్టేషన్లు ఉన్నాయి. వీధి నుంచి ప్లాట్‌ఫామ్ దాకా మెట్టెక్కకుండా వెళ్లగలిగేవి వాటిలో సుమారు మూడో వంతే. మిగతా చోట్ల పాపను చంకనేసుకుని, రెండో చేత్తో నన్ను మోసుకుంటూ దిగాలి. నాన్న తోడుంటే ఫరవాలేదు. అమ్మ ఒక్కతే అయితే, ఎవరో ఒకరు ఆగి నా ముందు చక్రాల వైపు పట్టుకునేదాకా మెట్ల పైన నిలబడాల్సిందే. లండన్ జనం అలా ఆగుతారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ రోజూ పరాయివాళ్ల సాయంతో ఇల్లు కదలడం కుదిరే పని కాదు. ఎలిజబెత్ లైన్‌లో 41 స్టేషన్లకూ మెట్లు లేని దారి ఉంది. ఇక ఆ గీత దాటి ఇల్లు చూడకూడదని అమ్మ తేల్చేసింది. బస్సుల్లో నాకు చోటుంటుంది గానీ, వీల్‌చైర్ మనిషి ఎక్కితే ఆ చోటు వాళ్లది. నేను మడుచుకుని పక్కకు జరగాలి. అదే న్యాయం.

ఆ నియమం పెట్టుకోకముందు హౌన్స్‌లోలో ఒక ఇల్లు చూశారు. పొద్దున పదకొండింటికి ఏజెంటు తలుపు తీశాడు. ఎండ పడే హాలు, వెనక చిన్న తోట, అందుబాటులో అద్దె. వీధిలో పిట్టల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాన్న అడ్వాన్సు కట్టేద్దామన్నాడు. బయటికొస్తుంటే పక్కింటి ముసలమ్మ, పంజాబీ ఆమె, అమ్మ భుజం తట్టి "మూడింటి దాకా ఆగి చూడు బేటీ" అంది.

పక్కనే పార్కులో కూర్చున్నారు. పాప నా ఒళ్లో నిద్రపోయింది. సరిగ్గా మూడు దాటాక మొదలైంది. పడమటి గాలి వీచే రోజుల్లో విమానాలు లండన్ ఊరి మీదుగా వచ్చి హీత్రూలో దిగుతాయి. రన్‌వేలు రెండు. పొద్దుట్నుంచి మూడింటి దాకా ఒకదాని మీద, మూడు తర్వాత రెండోదాని మీద. వారం మారితే వరస మారుతుంది. మేం ఇల్లు చూసింది ఆ వీధికి విశ్రాంతి ఉన్న పూట. విమానం కడుపు కింద తెరుచుకున్న చక్రాలు నాకు స్పష్టంగా కనిపించాయి. పాప ఉలిక్కిపడి లేచింది. అమ్మ చెవులు మూసేలోపే ఇంకొకటి. ఆ ముసలమ్మకు మాతో ఏం పని? అయినా చెప్పింది. ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ వీధిని ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం చూడాలి. ఏజెంటు ఇచ్చిన టైము ఒక్కటే నమ్ముకోకూడదు.

ఇంకో ఇంటి సంగతి చెప్పాలి. ఊరు పేరు అనవసరం. పై అంతస్తులో రెండు బెడ్‌రూములు, గోడలకు తాజాగా పెయింటు. ఆ వాసనే అమ్మకు అనుమానం తెప్పించింది. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి, ముసురు రోజుల్లో గోడ ఎలా తడుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను బెడ్‌రూములో వదిలి, వార్డ్‌రోబ్‌కీ గోడకీ మధ్య సందులో చెయ్యి దూర్చింది. అరచెయ్యి తడిగా, వేళ్ల చివర నల్లగా వచ్చింది. కింద నాకు అప్పటికే కనిపిస్తోంది. స్కర్టింగ్ చెక్క వెంట, పెయింటు బ్రష్ అందని చోట, నల్ల చుక్కలు గుంపులు గుంపులుగా పాకి ఉన్నాయి. ఆ గోడ పక్కనే పిల్లల మంచం వేసి ఉంది.

"కిటికీలు తెరిచి ఉంచితే పోతుంది" అన్నాడు ఏజెంటు. అమ్మ పాపను ఎత్తుకుని మెట్లు దిగేసింది.

ఆమె అంత కంగారు పడటానికి కారణం ఉంది. రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో పట్టిన బూజును నెలల తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, మరణ కారణాన్ని విచారించే అధికారి కరోనర్ 2022 నవంబరులో తేల్చి చెప్పింది. సూడాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తల్లిదండ్రులు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఆ బాబు పేరుతోనే 2023లో చట్టం తెచ్చారు. అయితే అది కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు అద్దెకిచ్చే సోషల్ హౌసింగ్ ఇళ్ల కోసం తెచ్చినది. వీళ్లు వెతుకుతున్నవి ప్రైవేటు అద్దె ఇళ్లు. వాటిలో గోడ సందున చెయ్యి పెట్టి చూడాల్సింది అమ్మే.

ఈలోగా బడి గడువు ముంచుకొచ్చింది. ఇంగ్లండ్‌లో ఆగస్టు 31 లోపు నాలుగేళ్లు నిండితే ఆ సెప్టెంబరులో బడిలో మొదటిదైన రిసెప్షన్ క్లాసు. పాప 2020 జూన్‌లో పుట్టింది. అప్లికేషన్‌కు ఆఖరి రోజు 2024 జనవరి 15. అదీ ఇల్లు ఏ కౌన్సిల్‌లో ఉంటే ఆ కౌన్సిల్‌కే పెట్టాలి. అడిగేవాళ్లు ఎక్కువై సీట్లు తక్కువైతే, చాలా బళ్లలో అన్నో అక్కో అక్కడే చదివే పిల్లల తర్వాత ఇంటికీ బడికీ మధ్య దూరమే లెక్క. అంటే ఇల్లు ఎంచుకోవడమంటే బడిని ఎంచుకోవడమే. ఈ ముక్క విమానం ఎక్కేముందు ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

స్లౌ వైపు వెళ్లమని చెప్పినవాళ్లందరూ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే గ్రామర్ స్కూళ్ల మాటే ఎత్తారు. అమ్మ ఒకటే అడిగింది: "లెవెన్ ప్లస్ పరీక్ష పదకొండేళ్లకు కదా అన్నయ్యా, ముందు ఈ ఏడేళ్లు అది రోజూ ఎక్కడ ఆడుకుంటుంది?" నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది.

చివరికి ఇల్లు స్లౌ పక్కన లాంగ్లీలో కుదిరింది. కింది అంతస్తు, గుమ్మానికి మెట్టు లేదు. సంతకం పెట్టేముందు ఒక చల్లటి పొద్దున, బడికి వెళ్లే టైముకే, అమ్మ నన్ను తోసుకుంటూ గుమ్మం నుంచి బడి గేటు దాకా నడిచింది. రోడ్డు దాటే ప్రతిచోటా అంచు దింపి ఉంది. ఒకచోట చెట్టు వేరు పేవ్‌మెంట్‌ను ఎత్తేసింది, నా ముందు చక్రం అక్కడ ఇరుక్కుంది. గేటు దగ్గర తల్లులు, అమ్మమ్మలు రకరకాల భాషల్లో మాట్లాడుకుంటున్నారు. జీపీ, లైబ్రరీ, పాల కొట్టు అన్నీ నడిచే దూరమే. వెనక గ్రాండ్ యూనియన్ కాలువ పాయ, దాని గట్టు మీద నడక దారి. పాప బాతుల్ని చూసి నా బెల్టు ఊడదీసుకుంది.

లోటు లేని ఊరు కాదు. లాంగ్లీని చూసే స్లౌ కౌన్సిల్ 2021లో ఖజానా ఖాళీ అని నోటీసు ఇచ్చింది, 2023లో కౌన్సిల్ ట్యాక్స్ 9.99 శాతం పెంచింది. లండన్ హద్దు దాటాక, అక్కడ పిల్లలకు ఉండే ఉచిత బస్సు ప్రయాణం ఉండదు. అవన్నీ కాగితం మీద రాసుకునే ఒప్పుకున్నారు.

డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదని 2019 చట్టం చెప్తుంది. ఏజెంటు విడిగా ఫీజు అడగకూడదు. కానీ అప్పట్లో ఈ దేశంలో క్రెడిట్ చరిత్ర లేని కొత్తవాళ్లను ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవాళ్లు, లేదా హామీదారును తెమ్మనేవాళ్లు. హామీ సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? ఈస్ట్‌హామ్ వరంగల్ అక్క భర్త. "మా తమ్ముడైతే పెట్టనా?" అన్నాడట.

నర్సరీ కూడా లాంగ్లీలోనే దొరికింది. మూడేళ్లు నిండాక వచ్చే టర్ము నుంచి వారానికి 15 గంటలు పిల్లలందరికీ ఉచితం, వీసా ఏదైనా సరే. పనిచేసే తల్లిదండ్రులకు ఇచ్చే 30 గంటలు మాత్రం, ప్రభుత్వ నిధులకు అర్హత లేదని వీసాలోనే రాసి ఉన్న ఇలాంటి జంటలకు రావు. అందుకని అమ్మ పని కూడా ఆ 15 గంటల్లో ఇమడాలి, నర్సరీకి దగ్గర్లో ఉండాలి. ఊరెంపిక ఆడవాళ్ల ఉద్యోగాన్ని ఎంత కట్టేస్తుందో మ్యాపులో ఏ గీతా చూపించదు.

2024 ఏప్రిల్ 16న కోరుకున్న బడిలోనే సీటు వచ్చింది. సెప్టెంబరు నుంచి పాప అమ్మ వేలు పట్టుకుని నడిచే వెళ్తోంది. నన్ను కడిగి, చక్రాలకు నూనె వేసి, ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మకు ఇచ్చారు. ఆమె బాబుకు ఇంకా ఏడాది నిండలేదు.

"మా పక్క వీధిలోనే ఇల్లు ఖాళీ ఉంది, వచ్చేయండి" అంది అమ్మ. మనసులో నేనూ అదే అనుకున్నాను. నర్సమ్మ ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "నా షిఫ్టు ఏడున్నరకు మొదలవుతుంది అక్కా. ఇక్కడ నర్సరీ తెరిచేదే ఎనిమిదింటికి."

ఆమె భర్తకూ పొద్దుటి పనే. బాబు ఏ అర్ధగంటలో ఎవరి దగ్గర ఉంటాడన్నదే ఆమె ఊరిని తేల్చాలి. ఇప్పుడు మేం ఆమె పనిచేసే ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో, తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటూ పొద్దున ఆరున్నరకే తలుపు తీసే ఛైల్డ్‌మైండర్ కోసం తిరుగుతున్నాం. ఒకామె దొరికేలా ఉంది. ఆమె ఇంటికి నడిచే దూరంలో ఏ ఇల్లు ఖాళీ అయినా చూస్తామని నర్సమ్మ ఏజెంట్లందరికీ చెప్పి పెట్టింది. ఆదివారం పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో స్టాపు దగ్గర బోర్డు చూసి రాసుకుంది. ఆదివారాలు కూడా ఆమెకు డ్యూటీ ఉంటుంది.