దసరాకు పండే లాభాలు

సింగరేణిలో మార్చి 31 రాత్రితో ఏడాది లెక్క ముగుస్తుంది. ఆ లెక్కలో తేలిన లాభం ఎంతో, అందులో కార్మికుడి వాటా ఎంతో చెప్పడానికి మాత్రం బతుకమ్మ పూలు పూయాలి. 2024లో సెప్టెంబరు 20న చెప్పారు, 2025లో సెప్టెంబరు 22న. హెడ్డాఫీసు కొత్తగూడెంలో ఉన్నా ముహూర్తం హైదరాబాదులోనే కుదురుతుంది. గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల నాటిది కనుక ఆరు నెలలు ఒక లెక్కా అనుకుంటారు కాబోలు.

ఆలస్యం లెక్కల వల్ల అనుకోవడానికి వీల్లేదు. ఏ గనిలో నిన్న ఎన్ని టన్నులు తీశారో తెల్లారేసరికి ఆఫీసులో తెలుస్తుంది. టార్గెట్ తగ్గితే సంజాయిషీ అడగడానికి ఎవరూ దసరా దాకా ఆగరు. మస్టరు పడకపోతే ఆ నెల జీతంలోనే కోత పడుతుంది.

పోనీ, కార్మికుల వాటా శాతం తేల్చడం కష్టమా? 2022-23కు 32, మరుసటి ఏడాదికి 33, ఆ తర్వాత 34. వేళ్ల మీద లెక్కపెట్టే పిల్లవాడు కూడా చెప్పగల వరుస ఇది. దీనికోసం వినతిపత్రాలు, ధర్నాలు, చర్చలు, చివరికి వేదిక, పూలదండలు, పెద్ద చెక్కు! మర్నాడు ఫ్లెక్సీకి పాలాభిషేకం. తన కూలి తనకు దక్కినందుకు ఇంట్లో పిల్లలు తాగాల్సిన పాలు ఫ్లెక్సీ మీద పోసే ఆచారం ఇంకెక్కడైనా ఉందో లేదో.

ఆ 34 శాతమైనా దేనిలో? 2024-25 లాభం 6,394 కోట్లు. అందులో 4,034 కోట్లు విస్తరణ పేరుతో పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్లలో 34 శాతం లెక్కకట్టారు. మొత్తం లాభం మీద చూస్తే అది పన్నెండున్నర. పన్నెండున్నర అంటే పాలు పోసేవాళ్లు ఉండరు.

దీపావళి ముంగిట ఇంకొకటి వస్తుంది. పేరు పర్ఫార్మెన్స్ లింక్డ్ రివార్డ్, అంటే పనితీరుకు బహుమతి. ఆ పనితీరును ఎవరూ కొలవరు. కోల్ ఇండియా, యూనియన్లు కూర్చుని బేరమాడితే కోల్ ఇండియా, సింగరేణి పర్మినెంటు కార్మికులందరి పనితీరూ ఒకే అంకెకు వస్తుంది: 2023లో 85,000, 2024లో 93,750, 2025లో 1,03,000. ఇక ఎవరికెంత, ఎప్పుడు అన్నదానికి చూడాల్సింది మస్టర్లు, పంచాంగం.

ఇక్కడ నవ్వడానికేమీ లేదు. జీతం పని చేసిన రోజున బాకీ పడుతుంది. బాకీని ఆపి, పండగ చూసి, కెమెరా ముందు కానుకగా ఇవ్వడం మోసం. ఒకే బెల్టు దగ్గర, ఒకే దుమ్ము పీల్చి, ఒకే నల్ల కళ్లె ఉమ్మే ఇద్దరిలో, 2025 లాభాల వాటాగా పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై అయిదు వేలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500. ఆ 5,500కూ చప్పట్లు కొట్టమన్నారు.

జీతాల పెంపుదీ ఇదే దారి: బొగ్గు కార్మికులకు 2021 జూలై 1 నుంచి రావలసిన 11వ వేతన ఒప్పందం మీద సంతకాలు 2023 మే 20న పడ్డాయి.

తెలంగాణ సర్కారు టీచర్లు, గుమస్తాల సంగతీ అంతే. 2018 జూలై 1 నుంచి లెక్కకు రావలసిన పీఆర్సీని అసెంబ్లీలో ప్రకటించింది 2021 మార్చి 22న. ఖమ్మం, వరంగల్, నల్గొండ పట్టభద్రుల పోలింగు జరిగి అప్పటికి ఎనిమిది రోజులు. ఏడాది బకాయిని రిటైరయ్యేటప్పుడు తీసుకోమని ఉత్తర్వు.

భద్రాచలం అడవిలో కోయవాళ్లు ఎండాకాలం తునికాకు కోస్తారు. 2016 నుంచి 2021 దాకా కోసిన ఆకు బోనస్ 2023 ఎన్నికలు దగ్గరపడేదాకా కదల్లేదు. కట్టకు 50 ఆకులుండాలి. 48 ఉంటే మాత్రం కల్లేదారు ఆ సాయంత్రమే, కల్లం మీదే తేలుస్తాడు.