డౌటొస్తే వెయ్యి: ఒక పికప్పు సూత్రానికి మన్సూరా వ్యాఖ్య

మూలం

"డౌటొస్తే ఫోర్ ఎల్ వెయ్యి, దున్నెయ్!"

అవతారిక

పై సూత్రం దోహాలోని అల్ మన్సూరాలో, మా బిల్డింగు మూడో అంతస్తులో, ఒకానొక శుక్రవారం బిర్యానీకీ కునుకుకీ నడుమ ఆవిర్భవించింది. సూత్రకారులు ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. పేరు చెప్పను, మహర్షులకు పేరుతో పనిలేదు. గల్ఫుకొచ్చి ఇరవై రెండేళ్లయినా వారు కూర్చున్నది డ్రైవరు పక్క సీటులోనే. స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. గట్టు మీద నిలబడ్డవాడికి ఈత బాగా తెలుస్తుంది కదా! శిష్యుడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుర్రాడు, కంపెనీ హైలక్స్ డ్రైవరు. చేతులు కట్టుకుని "సరే సార్" అన్నాడు. పెరుగు గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న స్టోర్‌కీపరును నేను. ఆ "సరే సార్"లోని నిట్టూర్పు విన్నది నేనొక్కణ్ణే కనుక వ్యాఖ్యానాధికారం నాదే.

మన మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు టీకలు రాశాడు. మొదటి ప్రతిజ్ఞ నేనూ పడుతున్నాను. రెండోది నావల్ల కాదు.

ప్రతిపదార్థం

డౌటొస్తే: డౌటు + వస్తే. వకారం ఎటు పోయిందో పదో తరగతి పిల్లవాణ్ణి అడగండి. సులభం గనుక వదిలేస్తున్నాను.

వెయ్యి: 'వేయు' ధాతువుకు విధిరూపం. సంఖ్యావాచకం కాదు.

దున్నెయ్: వ్యవసాయ పరిభాష. చక్రం ఒక్కచోటే తిరిగితే ఇసుకలో సాలు పడుతుంది. కాబట్టి సూత్రంలో అక్షరాలా నిజమైన పదం ఇదొక్కటే.

ఫోర్ ఎల్: ఇది అసలు గ్రంథి. హైలక్స్ డాష్‌బోర్డు మీద ఒక గుండ్రని నాబ్ ఉంటుంది. దానిమీద హెచ్2, హెచ్4, ఎల్4 అని మూడు గుర్తులు. 'ఫోర్ ఎల్' అని కొందరు, 'ఎల్ ఫోర్' అని కొందరు. పాఠభేదమే గానీ అర్థభేదం లేదు. కానీ మన్సూరా వీధుల్లో రెండు పాఠాలూ చెల్లవు. ఇక్కడి అరబ్బులకూ, సనాయా (ఇండస్ట్రియల్ ఏరియా) గ్యారేజీలో పఠాన్ ఉస్తాదుకూ ఫోర్‌వీలు అంటే 'డబల్'. ఇంగ్లీషు మాటే, అరబ్బీ నీళ్లు తాగింది. హెచ్4 'డబల్ ఖఫీఫ్', ఎల్4 'డబల్ సకీల్'. ఖఫీఫ్ అంటే తేలిక. సకీల్ అంటే బరువు.

లఘువు, గురువు!

ఇక్కడ వ్యాఖ్యాతకు ఒళ్లు పులకరించింది. పికప్పును కాసేపు నీడలో ఆపుదాం. ఎనిమిదో శతాబ్దిలో బస్రా నగరంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ అనే మహాపండితుడు అరబ్బీ ఛందస్సుకు శాస్త్రం కట్టాడు. బజారులో నడుస్తుంటే లోహం మీద సుత్తి దెబ్బల లయ చెవినబడి ఆ ఊహ తట్టిందని కథ. ఆయన కొలతల్లో 'సబబ్ ఖఫీఫ్', 'సబబ్ సకీల్' అని రెండున్నాయి. తేలిక తునక, బరువు తునక. తేలికకు ఉదాహరణ 'ఖద్': ఒక అక్షరం, వెనకే పొల్లు. పొల్లుతో కూడిన అక్షరం మన లెక్కలో ఏమిటి? గురువు. బరువుకు ఉదాహరణ 'లక': రెండూ హ్రస్వాలే. మన లెక్కలో రెండు లఘువులు. అంటే వాళ్ల తేలిక మన బరువు. వాళ్ల బరువు మనకు రెండు తేలికలు! బస్రా పండితుణ్ణీ మన ఛందస్సు తరఫున భీమకవినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కరక్ చాయ్ పోయిస్తే తెల్లారేదాకా తెగదు.

తెగకపోవడానికేముంది? మాత్రలు లెక్కపెట్టండి. గురువుకు రెండు మాత్రలు. రెండు లఘువులకూ రెండే. ఎటు పేర్చినా మొత్తం మారదు.

ఎక్కడున్నాం? పికప్పు. అవును, ఛందస్సు వృథా పోలేదు. ఫోర్ ఎల్ రహస్యం కూడా అదే. ట్రాన్స్‌ఫర్ కేసులో మరో జత పళ్లచక్రాలు కలుస్తాయి. హైలక్స్‌లో చక్రాల వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది, లాగుడు అంతే పెరుగుతుంది. ఇంజన్‌కు కొత్త బలం పుట్టదు. ఉన్న మాత్రలనే వేరుగా పేర్చడం, అంతే.

పూర్వపక్షం

లాగుడు రెండున్నర రెట్లయితే బండి ఎక్కడికైనా పోవాలి కదా అని సూత్రకారుల వాదం.

సిద్ధాంతం

పోదు. లాగేది ఇంజన్, పట్టేది టైరు. మెత్తటి ఇసుకలో కరువు బలానికి కాదు, పట్టుకు. పట్టులేని చోట లాగుడు ఎక్కువైతే చక్రం ముందుకు పోదు, కిందికి పోతుంది. బావి తవ్వేవాడికి రెండున్నర రెట్లు కూలీ ఇస్తే బావే లోతవుతుంది గానీ బావి కదిలి ఊరికి రాదు. అందుకే సీలైన్ బీచి దగ్గర ఇసుకలోకి దిగేముందు తెలిసినవాళ్లు నాబ్ జోలికి పోకుండా ముందు టైర్లలో గాలి తీస్తారు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్నదాన్ని 15 నుంచి 18కి దించుతారు. టైరు పరుచుకుని, బరువు పంచుకుని, ఇసుక మీద తేలుతుంది. ఒంటె పాదం చూసినవాడికి ఇందులో వింతేమీ లేదు.

శంక: అయితే ఫోర్ ఎల్ దేనికి?

సమాధానం: నెమ్మది కావలసిన చోటుకు. నిటారు దిబ్బ దిగేటప్పుడు, ఇంజన్ చేతనే బండిని పట్టి ఉంచి, బ్రేకు తొక్కకుండా, అడ్డం తిరగకుండా తిన్నగా దిగడానికి. రాళ్ల మీద చక్రం తర్వాత చక్రం మోపడానికి. ఇరుక్కున్న ఇంకో బండిని తాడుకట్టి లాగడానికి. గాలి తీసి, చక్రాల ముందు ఇసుక చేత్తో తోడేశాక, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి కదలడానికి. దిబ్బను ఉరుకుతో ఎక్కాలంటే మాత్రం హెచ్4 మేలు. ఫోర్ ఎల్‌లో గేరు మీద గేరు అయిపోతుంది, ఉరుకు రాదు. వేసే పద్ధతి కూడా చెబుతున్నాను: బండి ఆపాలి, న్యూట్రల్‌లోకి తేవాలి, అప్పుడు నాబ్ తిప్పాలి. పరుగెత్తే బండిలో తిప్పేవాడు పళ్ల డాక్టరును పిలుచుకుంటున్నాడు.

శంక: మన్సూరాలో?

సమాధానం: ఖతార్ మొత్తమ్మీద ఎత్తయిన చోటు కురైన్ అబూ అల్ బౌల్, 103 మీటర్లు. మన్సూరాకు అంత భాగ్యం కూడా లేదు. ఇక్కడున్న మహాపర్వతం బేస్‌మెంటు పార్కింగు ర్యాంపు ఒక్కటే.

శంక: తారు రోడ్డు మీద వేస్తే ఏమవుతుంది?

సమాధానం: భారవి కావ్యానికి మల్లినాథుడు రాసిన టీక పేరు ఘంటాపథం. ఏనుగులు గంటలు మోగిస్తూ నడిచే రాజమార్గమని అర్థం. గట్టిగా చెప్పాలంటే మనం నేటికీ 'ఘంటాపథంగా' చెబుతాం. ఇదిగో, ఘంటాపథంగా చెబుతున్నాను: ఘంటాపథం మీద ఫోర్ ఎల్ వేయరాదు. కళ్లంలో ఎడ్లు గుండ్రంగా తిరిగేటప్పుడు బయటి ఎద్దు ఎక్కువ నడుస్తుంది, లోపలిది తక్కువ. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ అంతే. ముందువి పెద్ద చుట్టు తిరుగుతాయి. ఇలాంటి పికప్పుల్లో ఫోర్‌వీలు పడగానే ముందూ వెనకా ఒకే లెక్కన తిరగాలని ముడిపడిపోతాయి. ఇసుకలో అయితే టైరు కాస్త జారి లెక్క సరిచేసుకుంటుంది. ఎండిన తారు జారనివ్వదు. ఆ మెలి మొత్తం షాఫ్టుల్లో, పళ్లచక్రాల్లో చేరుతుంది, తడిబట్టను చెరో కొసా పట్టుకుని పిండినట్టు.

ఉదాహరణం

సూత్రం వెలువడిన రెండో శుక్రవారం సూత్రకారులు సపరివారంగా కంపెనీ హైలక్స్‌లో మెసయీద్ దాటి సీలైన్ వెళ్లారు. వంటపాత్రలు మోయడానికి నన్నూ తీసుకెళ్లారు. ఇసుక మొదట్లోనే కుర్రాడు బండి ఆపి, "ముందుగల గాలి తీస్తె మంచిగుంటది సార్" అన్నాడు. "మళ్లీ నింపడానికి లైన్లో ఎవడు నిలబడతాడ్రా? డౌటొస్తే ఫోర్ ఎల్ వెయ్యి!" కాసేపటికి సబ్‌ఖా అంచు వచ్చింది. పైన ఉప్పు పొర, కింద తడి బురద. చూడటానికి సిమెంటు గచ్చులా ఉంటుంది. డౌటు వచ్చింది. వాడు వేశాడు. వీరు "దున్నెయ్" అన్నారు. దున్నాడు. యాక్సిల్ దాకా దిగింది.

ఒక అరబ్బు కుర్రవాడు పాత నిస్సాన్ పట్రోల్ బండిలో వచ్చి, మా టైర్లు చూసి నవ్వి, గాలి తీయించి, తాడు కట్టి, డబల్ సకీల్ వేసి, చీమ నడకన లాగి పడేశాడు. ఆ రోజు ఫోర్ ఎల్‌ను సరిగా వాడింది అతనొక్కడే. మాట కూడా పెద్దగా మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో తారు రోడ్డెక్కాక కుర్రాడు నాబ్ మీద చెయ్యి వేశాడు. "ఉండనీరా, సేఫ్టీ" అన్నది పక్క సీటు. "రోడ్డు మీద వద్దు సార్" అన్నాడు. "నాకు చెబుతావా?" ఇంజన్ అరుస్తూనే ఉంది. ఒక రౌండెబౌటులో కింద నుంచి టప్పుమని చప్పుడొచ్చింది.

సనాయాలో ఉస్తాదు దాన్ని విప్పి, పళ్లు రాలిన చక్రాన్ని నా అరచేతిలో పెట్టాడు. నేను స్టోర్‌కీపరును, పాడైన వస్తువుకు చీటీ రాయాలి. కారణం అనే గడిలో 'తారు రోడ్డు మీద ఫోర్ ఎల్, సూపర్‌వైజరు ఆజ్ఞ' అని రాశాను. చీటీ పైకి వెళ్లి, 'డ్రైవరు అజాగ్రత్త' అని మారి కిందికి వచ్చింది. ఆ నెల కుర్రాడి జీతంలో 1000 రియాళ్లు కోత. 2021 మార్చి నుంచి ఈ దేశంలో కనీస మూలవేతనం నెలకు 1000 రియాళ్లు. వాడి మూలవేతనమూ అంతే. ఇంటికి ఫోన్ చేసి ఈ నెల ఆలస్యమవుతుందని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

సవరణ

ప్రతిపదార్థంలో 'వెయ్యి' సంఖ్యావాచకం కాదని రాశాను. పొరపాటు. అది సంఖ్యావాచకమే.

తాత్పర్యం

తమ్ముడూ, డౌటొస్తే ముందు బండి ఆపి కిందికి దిగు. గాలి తియ్యి, ఇసుక తొయ్యి, వచ్చిన దారినే వెనక్కి రా. ఫోర్ ఎల్ నెమ్మదికి, తారెక్కేముందు తీసెయ్. పక్క సీటువారికి నా మనవి ఒక్కటే: ఆజ్ఞ మీదైనప్పుడు చీటీ మీద సంతకమూ మీరే పెట్టండి.