వదులు స్వెట్టర్ ప్రబంధము

ప్రబంధమన్నాక ముందు ఇష్టదేవతా స్తుతి ఉండాలి గనుక, లూధియానా నగరానికి నమస్కారం. మన దేశపు స్వెట్టర్లలో చాలావాటికి పుట్టినిల్లు అదే. సుకవి స్తుతిలో శ్రీనాథుడికి రెండో నమస్కారం. ప్రౌఢదేవరాయల కొలువుకు పోయి, నెత్తిన కుల్లాయి, ఒంటికి కోక, దానిపైన పెద్ద కూర్పాసం తగిలించుకుని, ఇంత చేసినా కర్ణాట రాజ్యలక్ష్మికి దయ రాలేదని వాపోయిన చాటువు ఆయన పేర మనకుంది. బట్ట మీద బట్ట వేసుకుని వెళ్తే ఎవరూ కన్నెత్తి చూడకపోవడంలోని బాధ తెలిసిన కవి. ఇక కుకవి నింద కూడా ఆచారమే. అనంతపురంలో చలేమిటని నవ్వే కోస్తావాళ్ళను ఈ పూటకు వదిలేస్తున్నాను.

పురవర్ణన. ప్రబంధ నగరాలకు అగడ్తలూ తామరకొలనులూ ఉద్యానాలూ ఉంటాయి. అనంతపురాన్ని వర్ణించేవాడికి ఆ సౌకర్యం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అదీ దయతలిస్తే. మిగిలినదంతా శెనక్కాయ చేలూ, బండరాళ్ళూ, గాలి. హిందూపురం, మడకశిర దిక్కుకు పోతే నేల సముద్రమట్టానికి రెండువేల అడుగులు దాటి లేస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసి ఆ ఊళ్ళను శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు గానీ, చలికి ఆ ఉత్తర్వు ఇంకా అందలేదు.

మా కరువే మా చలికి తల్లి. మబ్బులేని ఆకాశం, తేమలేని గాలి. పగలంతా నేల తాగిన వేడిని రాత్రి ఆపేవాడు లేడు. డిసెంబరు తెల్లవారుజామున 17 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న పాదరసం మధ్యాహ్నానికి 30కి ఎగబాకుతుంది. కాశ్మీరంలో చలి రాజ్యమేలుతుంది. ఇక్కడ దండెత్తి వచ్చి, ఊరిబయట విడిసి, తొమ్మిది గంటలకల్లా గుడారాలు పీక్కుని పారిపోతుంది. యుద్ధం మూడు గంటలు. సన్నాహం మాత్రం కురుక్షేత్రానికి సరిపడా.

అట్టి యొకానొక మార్గశిర ప్రభాతంబున, డిగ్రీ తృతీయ వత్సర విద్యాధనుండును, టీకొట్టు పర్యంత దిగ్విజయ కాముకుండును నగు మన కథానాయకుండు, ప్రథమంబున బనీను ధరించి, తదుపరి పలుచని నూలు చొక్కా దొడిగి, కంఠపర్యంతంబు గుండీలు బిగించి, ఆపయి భుజసంధులు మోచేతి దిక్కునకు జారియుండునదియు, చేతులు వ్రేళ్ళ కొనలను సైతము మ్రింగునదియు, అంచు తొడల నంటునదియు, ఆవపూవన్నె గలదియు నగు మహాస్వెట్టరంబున శిరంబు దూర్చి, ఆ చీకటి గుహలో దారి గానక, కుడిచేతిని ఎడమ సొరంగంబునకు నడిపి, ముహూర్తమాత్రం బంధుండై తడవులాడి, పిదప రాహుముఖంబు వెడలిన సూర్యుండునుం బోలె జుట్టు రేగి వెలువడియె.

వెలువడగానే గుమ్మంలో అవ్వ.

"ఏమిరా అబ్బోడా, మీ నాయన సెట్టరు ఏసుకున్యావా?"

"నాదే అవ్వా. ఓవర్‌సైజ్. ఇట్లనే ఏసుకోవల్ల."

"దుడ్లిచ్చి లూజుది తెచ్చుకున్యావా? రెండేండ్లకు సరిపోతాదని మీ నాయనకు పెద్దది కొనిస్తే, ఏసుకోనని ఏడ్చినాడు గదరా!"

ఈ ప్రశ్నకు ఫ్యాషన్ శాస్త్రంలో జవాబు లేదు. అవ్వ పక్షం బలమైనది కూడా. ఆమె భుజాన ఉన్నది నల్ల కంబళి. దానికి సైజుల గొడవే లేదు: పరిస్తే పక్క, కప్పితే దుప్పటి, మూల మడిచి నెత్తిన పెడితే వానకు గొడుగు. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి కురుబలు నేసిన వస్త్రం. నేసింది కనుక సాగదు, నాయకుడిది అల్లింది కనుక సాగుతుంది, పోలిక అంతవరకే. గొర్రెలకాపరి బయట రాత్రి గడపాలంటే ఆవపూవన్నె స్వెట్టర్ పనికిరాదు, కంబళే కావాలి. కాలేజీ గేటు ముందర నిలబడడానికి కంబళి పనికిరాదు. ఎవరి యుద్ధానికి వారి కవచం.

అయినా నాయకుడి వ్యూహం వట్టి డాంబికం కాదు. వెచ్చదనం ఊలులో కంటే అల్లిక కన్నుల్లో చిక్కిన గాలిలో ఉంది. ఒక్క మందపు స్వెట్టర్ కంటే రెండు పలుచని పొరల నడుమ నిలిచిన గాలి మేలు. పైది వదులుగా ఉంటేనే కింది చొక్కా ఇమిడేది. అయితే వదులుకు కూడా ధర్మం ఉంది: ఒంటిమీద ఒక్కటే వదులుగా ఉండాలి. ప్యాంటూ, చొక్కా, స్వెట్టర్ మూడూ వదులైతే మనిషి నడవడు, బట్టలే నడుస్తాయి. చేతులు రెండు మడతలు వేస్తే మణికట్టు కనిపించి లోపల మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ముందువైపు అంచును కాస్త నడుములోకి దోపితే నడుము ఉందని కూడా తెలుస్తుంది.

శిరోభూషణం తాతది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పరివారం పొడవాటి కుల్లాయిలతో నిలబడి ఉంటుంది. తాత మంకీ క్యాప్‌కు ఆ ఎత్తు లేదు గానీ ఠీవిలో తక్కువేం కాదు. విరూపణ్ణకు చెవులు మూసుకునే సదుపాయం లేదాయె.

తొమ్మిదైంది. టీకొట్టు దగ్గర ఉగ్గాని బజ్జి పొగలు కక్కుతుండగా సూర్యుడు ఎదురుదాడికి దిగాడు. ముందు మడతలు మోచేతులు దాటాయి. తరువాత మెడ గుండీ ఊడింది. ఆఖరికి మహాస్వెట్టరం ఒంటిని వదిలి, చేతులు రెండూ ముడివేసుకుని నడుమెక్కింది. అనంతపురంలో పొరలు వేసుకోవడం పెద్ద విద్య కాదు. నలుగురి మధ్య ఒక్కొక్కటే తీసేసేటప్పుడు అడుగున ఉన్న చొక్కా కూడా చూడదగ్గదిగా ఉండడమే విద్య. మన నాయకుడిది ఇస్త్రీ లేనిది. ఓడిపోయాడు.

ఫలశ్రుతి బదులు ఒక మనవి. తడి స్వెట్టర్‌ను పిండి మెలితిప్పకండి, దండెం మీద వేలాడదీయకండి. నీళ్ళ బరువుకు అల్లిక సాగిపోతుంది. నీడలో పరిచి ఆరబెట్టండి. నిజమైన ఉన్ని అయితే వేడినీళ్ళు అసలు తగలనివ్వకండి, కుంచించుకుపోయి చంటిపిల్లకు సరిపోయేటంత అవుతుంది. ఓవర్‌సైజ్ అని దుడ్లు ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.