కండెన్సర్ కల్యాణం

ఖమ్మంలో వాయిస్ ఓవర్ ఆర్టిస్టు కావడానికి ఇప్పుడు గొంతు అక్కర్లేదు, మైకు ఉంటే చాలు. ఆ మాటకొస్తే మైకు కూడా అక్కర్లేదు, కొనబోయే మైకు గురించి మూడు నెలలు మాట్లాడగలిగితే సరిపోతుంది. ఇటు ఖమ్మం బస్టాండు నుంచి అటు సారపాక పేపరు మిల్లు దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా అలాంటి కుర్రాడు ఒకడు తగులుతాడు. మైకు కండెన్సరా డైనమిక్కా, దాని తీగ యూఎస్‌బీయా ఎక్స్‌ఎల్‌ఆరా అని చాయ్ చల్లారిపోయేదాకా తర్కిస్తాడు. సరే నాయనా, మైకు వచ్చాక ఏం చదువుతావు అంటే మాత్రం నీళ్ళు నములుతాడు. చదివే సంగతి ఇంకా తేలలేదు. అన్‌బాక్సింగ్ వీడియోకి ముహూర్తం మాత్రం కుదిరింది.

అతన్ని అని లాభం లేదు, అతని గురువు అలాంటివాడు. గురుపీఠం యూట్యూబులో ఉంటుంది. వెనక ఊదారంగు లైటు, గోడకు నల్ల స్పాంజి, నోటి ముందు ష్యూర్ ఎస్‌ఎం7బీ. ముప్పై వేలకు పైబడ్డ ఆ మైకు ముందు కూచుని ‘తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడం ఎలా’ అని బోధిస్తాడు. వీడియో కింద లింకులుంటాయి. వాటిని నొక్కి కొంటే గురుదక్షిణ దానంతటదే ముడుతుంది, ఇచ్చినవాడికి ఇచ్చినట్టే తెలియదు. బొటనవేలు పోయిన సంగతి ఏకలవ్యుడికైనా తెలిసింది.

ఆ మైకుని తప్పుపట్టను. దాని తాత ఎస్‌ఎం7 1973 నాటిది, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాడింది దాని ముందే. కానీ దానికి కాస్త చెవుడు. మామూలుగా మాట్లాడితే 60 డెసిబెల్స్ దాకా గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే మోతాదు, పెంచితే గానీ ఉలకదు, పలకదు. మైకును కంప్యూటరుకు కలిపే చవక ఇంటర్‌ఫేస్‌ను అంత పైకి తిప్పితే బుస్సుమంటుంది. అప్పుడొక ప్రీయాంప్ కొనాలి, దానికో లింకు. దాన్ని కలపడానికి కేబులు, దానికో లింకు. మోయడానికి ఇనప చెయ్యి, దానికీ లింకు. అంత స్తోమత లేనివాడు రెండు వేలకు కుప్పపోసి అమ్మే కండెన్సర్ కిట్టు తెప్పించుకుంటాడు. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలని డబ్బాలో ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మనవాడు దాన్ని లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చి, గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోందేమిటని కామెంట్లలో గురువును వేడుకుంటాడు. గురువు ఇంకో లింకు ప్రసాదిస్తాడు.

ఇంతకీ ఈ మైకు కాపురం పెట్టేదెక్కడ? హాల్లో. ఖమ్మం హాలంటే గ్రానైటు హాలు. ఊరి చుట్టూ రాయి కోసే ఫ్యాక్టరీలున్నప్పుడు నేలకూ మెట్లకూ వంటగట్టుకూ గ్రానైటు వెయ్యకపోతే పిల్లనెవరిస్తారు? నున్నగా పాలిష్ చేసిన రాయి తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటో రెండో పాళ్ళు మింగి మిగతాదంతా తిప్పికొడుతుంది. ఆ హాల్లో నిలబడి ‘నమస్కారం’ అంటే నాలుగు గోడలూ ప్రతినమస్కారం చేస్తాయి. సన్నని చప్పుడును కూడా వదలకపోవడమే కండెన్సర్ ప్రతిభ కాబట్టి గోడల నమస్కారాలూ, పక్కింటి కుక్కరు విజిలూ, పై అంతస్తులో నడుస్తున్న సీరియల్లో అత్తగారి ఏడుపూ శ్రద్ధగా ఎక్కించుకుంటుంది. ఎంత డబ్బు పోస్తే కుక్కరు అంత స్పష్టంగా కూస్తుంది. దాన్నే నాణ్యత అంటున్నారు.

దీనికి గురువు రాసే మందు స్పాంజి. అంగుళం మందం స్పాంజి ‘స’లనూ ‘శ’లనూ కాస్త పీల్చుకుంటుంది. గొంతులోని బరువంతా అందులోంచి తాపీగా నడిచివెళ్ళి, గోడను పలకరించి, తిరిగొస్తుంది. స్పాంజికి కూడా డబ్బుల్లేనివాళ్ళు గుడ్ల అట్టలు అంటిస్తారు. గుడ్ల అట్టలు గుడ్లను కాపాడతాయి.

ఈ గ్రానైటు లోకం వదిలి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలోకి వెళ్ళండి. మట్టి మెత్తిన తడిక గోడ, పైన గడ్డి కప్పు, అలికిన నేల. అలాంటి కోయ ఇంట్లో మాట్లాడి చూడండి, మాట నోట్లోంచి వచ్చి అక్కడే ఆగుతుంది. పట్నం స్టూడియోలు లక్షలు పోసి గోడలకు నేర్పించే విద్యను ఆ గడ్డి కప్పు పైసా అడక్కుండా చేస్తోంది. మనం దాన్ని లెక్కల్లో కచ్చా ఇల్లని రాసుకుని, పడగొట్టి, శ్లాబు పోస్తాం. ప్రతిధ్వని వస్తే గానీ అభివృద్ధి వచ్చినట్టు కాదు. (గుడిసెకు కీర్తన పాడటం లేదు. వానకు కారేదీ, నిప్పు రవ్వకు అంటుకునేదీ అదే. గదిగా మెచ్చుకుంటున్నాను, బతుకుగా కాదు.)

ఆ గూడెం కుర్రాడికీ ఫోనుంది, గొంతుంది. వాయిస్ ఓవర్ కోర్సుకు ఫీజు కట్టాడనుకోండి, మొదటి పాఠం ఇదీ: యాస తీసెయ్. ‘న్యూట్రల్ తెలుగు’ కావాలట. ఆ తెలుగు ఏ ఊళ్ళో మాట్లాడతారో, ఏ బస్సు ఎక్కితే ఆ ఊరొస్తుందో గురువు చెప్పడు. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఏ శబ్దం ఇచ్చినా తీసుకుంటానని మైకు డబ్బా మీద రాసి ఒప్పుకుంటోంది. యాసను తీసుకోనని ఏ మైకూ అనలేదు. ఆ ఫిల్టరు గురువు గారి సొంత తయారీ. రేపు ఏ సినిమాలోనో అడవి మనిషి వేషం వస్తే మాత్రం పట్నం గొంతును పిలిచి, ఇదే యాసను వంకర్లు తిప్పించి, డబ్బులిచ్చి మరీ చెప్పిస్తారు. యాస ఉన్నవాడికి పని లేదు, యాస నటించేవాడికి పారితోషికం.

గది కుదిరిందనుకుందాం. ఎండాకాలం సంగతేమిటి? మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట అసలు ఎంపిక కండెన్సరా డైనమిక్కా అన్నది కాదు, ఫ్యానా రికార్డింగా అన్నది. రోడ్ ఎన్‌టీ1 లాంటి మైకు తన లోపలి రొద 5 డెసిబెల్స్ లోపేనని గర్వంగా చెప్పుకుంటుంది. అంతటి మౌనముని పక్కన మనం యాభై అరవై డెసిబెల్స్‌తో ఊగిపోయే కూలరును కూచోబెడతాం. కూలరు కట్టేసినా ఇంకో అతిథి ఉంటాడు. ఎర్తింగు లేని ప్లగ్గులోంచి 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమంటూ మైకులో దూరుతుంది. పాల్వంచ థర్మల్ కేంద్రంలో పుట్టిన కరెంటు బల్బుదాకా వచ్చేసరికి ఆరిపోయినా ఆరిపోతుంది గానీ మైకును మాత్రం వదలదు. లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద రికార్డు చేస్తే ఆ గుయ్యిమనడం చాలావరకు పోతుంది. ఈ సలహాకు లింకు లేదు, అందుకే గురువు చెప్పలేదు.

ఈ అడవి అంచు నుంచే తెలుగువాళ్ళందరి ఇళ్ళలోకీ వెళ్ళిన గొంతొకటుంది. చైత్రశుద్ధ నవమి, భద్రాద్రి రాముడి కల్యాణం, విజయవాడ ఆకాశవాణి ప్రత్యక్ష వ్యాఖ్యానం, ఉషశ్రీ. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1990లో కన్నుమూశారు.  ఆ గొంతు నడిచిన దారి చూడండి. చుట్టూ జనసముద్రం, మేళం, మంత్రాలు, నడినెత్తిన ఎండ. అక్కణ్ణుంచి లైను మీద బెజవాడ, బెజవాడ నుంచి మీడియం వేవ్. మీడియం వేవ్‌లో 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దానికి దాదాపు చోటే ఉండదు. మన కుర్రాడి మైకు పట్టానని మురిసిపోయే 20,000లో ముప్పాతిక వంతు దారిలోనే రాలిపోతుందన్నమాట. ఈ చివర నీరసించిన బ్యాటరీలు, గరగరలాడే రేడియో. అయినా జీలకర్ర బెల్లం వేళకు వంటింట్లో గరిటె ఆగేది, అరుగు మీద పేకాట ఆగేది. ఆయన వాడిన మైకు ఏ మోడలని ఎవరూ వాకబు చెయ్యలేదు. ఇవాళ్టి గురువైతే ‘రూమ్ ట్రీట్‌మెంట్ ఏదండీ’ అని ఉషశ్రీని గుమ్మంలోంచే వెనక్కి పంపేవాడు.

కొనక తప్పదంటారా, కొనండి. కార్డియాయిడ్, అంటే ముందు మాటే విని వీపు వైపు చప్పుడు పట్టించుకోని డైనమిక్ మైకు, యూఎస్‌బీ ఉన్నది. శాంసన్ క్యూ2యూ లాంటివి యూఎస్‌బీకీ ఎక్స్‌ఎల్‌ఆర్‌కీ రెంటికీ పనిచేస్తాయి, గురువు గారి మైకు ధరలో కొద్ది వంతే. దాని వీపు కిటికీ వైపు తిప్పి, జానెడు దూరంలో కూచోండి. దూరం సగం తగ్గిస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని పెరగదు. అదీ కుదరకపోతే వెయ్యికి అటూ ఇటూ దొరికే కాలరు మైకు. అది నలుదిక్కుల చప్పుడూ వింటుంది కాబట్టి పరుపు గోడకు నిలబెట్టి, పాత చీరల బొంత నెత్తి మీద కప్పుకోండి. ‘భద్రాచలం’ అన్నప్పుడల్లా ‘భ’ ఊదిన గాలికి మైకు ఢామ్మంటుంది. ఎంబ్రాయిడరీ రింగుకు పల్చటి నైలాను గుడ్డ బిగించి అడ్డం పెట్టుకోండి, మూతి కాస్త పక్కకు తిప్పండి. బొంత కింద చెమట కారుస్తూ పది లైన్లు తప్పు లేకుండా చదవగలిగితే ఆర్టిస్టు అయినట్టే. ఆ దృశ్యం వీడియోకు బాగుండదు, అదొక్కటే చిక్కు.

గొంతు నిజంగా అవసరమైన చోట మైకు నాణ్యత ఎవరూ అడగరు. గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటి రోజున ముంపు వాడల్లో ఆటో మీది రేకు హారన్ ఇల్లు ఖాళీ చెయ్యమని అరిస్తే, గొంతులో బేస్ తక్కువైందని ఎవరూ నీళ్ళలో కూచోరు.

వాన తగ్గాక అదే ఆటో, అదే హారన్ ఎన్నికలకు వస్తాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి నిబంధనలున్నాయి, వాటిని హారన్ ముందు చదివి వినిపించినా వినబడవు. మన కుర్రాడికి తొలి అవకాశం అక్కడే తగిలింది. ఇంటి మీద అప్పు చేసి కొన్న కండెన్సరు, 24 బిట్లు, 48,000 శాంపిళ్ళు, అభ్యర్థి పేరు పన్నెండు టేకులు. ఆటో డ్రైవరు దాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుని, ఫోనును హారన్‌కు తగిలించి, సౌండు ఆఖరిదాకా తిప్పాడు. వీధి చివర ముసలాయన ఎన్నికల గుర్తు ఏమిటో అర్థం కాక పక్కవాణ్ణి అడిగాడు. పేమెంటు పోలింగ్ అయ్యాక చూద్దామన్నారు.