పిడి లేని పంగలకర్ర

చిటికెడు తెల్లటి పొడి, వేలెడంత గాజుసీసా, దాని మీద రబ్బరు మూత. నరసరావుపేటలో ఒక ఆసుపత్రి అలమారలో రెండు ఎండాకాలాలు అలా గడిపాను. పాము విషానికి విరుగుడునని సీసా మీద రాసుంటుంది. అసలు నేనొక ప్రోటీన్ ముక్కను. ముక్కనెందుకయ్యానో చెప్పాలంటే గుర్రం దగ్గర మొదలుపెట్టాలి.

మహాబలిపురం దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం ఉంది. పాముల్ని పట్టి, విషం పిండుకుని, మళ్లీ అడవిలో వదిలేస్తారు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషాన్నీ తట్టుకోగలిగినంత మేరకు, కొద్దికొద్దిగా పెంచుతూ నా తల్లి గుర్రానికి ఎక్కించారు. ఆ విషాన్ని పట్టుకోవడానికి దాని నెత్తుటిలో పుట్టిన యాంటీబాడీల్లో నేనొకదాన్ని. అప్పుడు నాది అచ్చం పంగలకర్ర ఆకారం. పంగలు రెండూ విషాన్ని పట్టడానికి, కింది పిడి ఒంట్లోని రక్షక కణాలను పిలవడానికి.

గుర్రంలో బలమైన ఆ పిడే మనిషిలో ప్రమాదం. పరాయి ప్రోటీనని ఒళ్లు తిరగబడితే దద్దుర్లు, ఆయాసం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకని నన్ను పుల్లటి ద్రావణంలో వేసి పెప్సిన్ కలిపారు. మీ పొట్టలో పప్పన్నంలోని ప్రోటీన్‌ను అరిగించేదీ పెప్సినే. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ కదా, ఆ దండను ఎక్కడ తెంచాలో దానికి తెలుసు. నా పిడిని తునకలు తునకలుగా కొరికేసింది. పంగలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే మిగిలాయి. ఇంకాసేపు వదిలేస్తే అవీ మిగిలేవి కావు. సరైన గడియకు ఆపిన ఆ చేతులెవరివో, వాటికి దణ్ణం పెడతాను. పిడి పోయినా గుర్రపు జాడ పూర్తిగా పోదు. అందుకే నన్ను ఎక్కించేటప్పుడు పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుంటారు.

మాఘమాసం. గురజాల వైపు ఒక మిర్చి కల్లం. మంచుకు తడవకుండా కాయల మీద కప్పిన పట్టాను తెల్లవారుజామున ఒక పెద్దావిడ ఎత్తింది. కుక్కర్ కూత లాంటి బుస, వెంటనే మణికట్టు మీద కాటు. రక్తపింజర. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్, 1796లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి మన తెలుగు పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. ఆ నల్లంచు మచ్చల్లో కాటుక దిద్దిన రేకులను చూసిన కన్ను ఎవరిదో గాని, అంత అందమైన పేరు ఇంకే పాముకూ లేదనిపిస్తుంది. లోకానికి మాత్రం అది రస్సెల్ పామైంది.

మోచేతి పైన తువ్వాలు బిగించి కట్టారు. దగ్గర్లో మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. గంటన్నర అక్కడే పోయింది. ఆ గంటన్నర నన్నిప్పటికీ బాధపెడుతుంది. 2000 నుంచి 2019 వరకు ఈ దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా. వాళ్లలో ఎందరు ఇలాంటి గంటన్నరల్లో పోయారో!

ఆసుపత్రికి వచ్చేసరికి పెద్దావిడ చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. "అత్తా, మాట్లాడత్తా" అని కోడలు ఏడుస్తోంది. సిస్టర్ పొడి గాజుగొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూసింది. నీళ్లలా జారింది.

నెత్తురు గడ్డకట్టడమంటే ప్రోటీన్లు వరసగా ఒకదాన్నొకటి కోసి లేపడం. చివరికి ఫైబ్రినోజెన్ దారాలుగా మారి గాయాన్ని మూస్తుంది. పింజర విషంలోని కత్తెరలు ఆ వరసలో 10వ ఫ్యాక్టర్‌ను, 5వ ఫ్యాక్టర్‌ను వేళగాని వేళ లేపుతాయి. గాయం లేనిచోట దారాలు అల్లుకుంటాయి, ఒళ్లు వాటిని కరిగిస్తుంది, మళ్లీ అల్లుకుంటాయి. గంటల్లో ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. ఇక చిన్న గీత పడినా నెత్తురు ఆగదు. మూత్రపిండాలూ దెబ్బతింటాయి.

"పది సీసాలు పెట్టమ్మా" అన్నారు డాక్టరు గారు. నీళ్లలో కరిగి, సెలైన్‌లో కలిసి, గంటలో పెద్దావిడ నెత్తుట్లోకి చేరాం. 10వ ఫ్యాక్టర్‌ను కోసే కత్తెర నాకు ఎదురైంది. రెండు పంగలతో పట్టేశాను. నేను కత్తెరను ఆపగలను, తెగినదాన్ని అతకలేను. కొత్త ఫైబ్రినోజెన్‌ను ఆమె కాలేయమే తయారుచేసుకోవాలి, దానికి ఆరు గంటలైనా పడుతుంది. అందుకే ఆరు గంటలాగి మళ్లీ గొట్టం వంచారు. అప్పుడూ జారింది. మరో పది సీసాలు. పింజర విషం అన్ని ప్రాంతాల్లో ఒకేలా ఉండదు, నాకు పాఠం నేర్పినవి తమిళనేల పాములు. పల్నాడు పాముల విషంతో పాఠం నేర్చిన తమ్ముడొకడు నాకుంటే బాగుండునని ఆ రోజు గట్టిగా కోరుకున్నాను.

మూడోసారి గొట్టం వంచితే గడ్డ గాజును అంటుకుని కదల్లేదు. "కట్టిందమ్మా, మీ అత్తకు గడ్డ కట్టింది" అని సిస్టర్ గొట్టం పట్టుకుని కోడలి దగ్గరికే వచ్చింది.

పట్టిన కత్తెరను వదలకుండా తిరుగుతున్న నన్ను పెద్దావిడ కాలేయంలో ఒక కణం మింగింది. దాని కడుపులో లైసోజోమ్ అనే చిన్న సంచి ఉంది. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ కనిపెట్టి పేరు పెట్టిన సంచి. లోపల మళ్లీ ఆ పాత పులుపే. ఇక్కడి ఎంజైములకు గుర్రపు ముక్కనైన నేనూ పాము విషమూ ఒకటే. ఇద్దరినీ కలిపి దండలు తెంచుతున్నాయి. ఒక పంగ అప్పుడే పోయింది. దాని అమైనో ఆమ్లాలు సంచి దాటి, పక్కనే కొత్త ఫైబ్రినోజెన్ అల్లుతున్న కణాల వైపు సాగిపోతున్నాయి. రెండో పంగ ఇంకా ఉంది.

బయట కోడలి గొంతు వినిపిస్తోంది.

"అత్తా, రెండు ముద్దలు మజ్జిగన్నం తింటావా?"