రెండో విడత ఎప్పుడిస్తారో సెలవివ్వండి

పరిశోధన గ్రాంట్ల విభాగం అధికారి గారి దివ్యసముఖమునకు,

తమరు క్షేమమని బాలానగర్‌లో అందరూ తలుస్తున్నారు. అక్కడి రేకుల షెడ్డులో కలుపు తీసే బ్యాటరీ యంత్రం తయారుచేస్తున్న చిన్న కంపెనీ మాత్రం అంత క్షేమంగా లేదు. తమరిచ్చిన మొదటి విడత డబ్బుతో చేసిన నమూనా పొలంలో దిగగానే మోటారు కాలిపోయింది. కారణం కనిపెట్టి, వేరే మోటారు బిగించి నడిపించారు. ఆ సంగతి దాచకుండా వినియోగ ధ్రువపత్రంతో పాటు రాసి పంపారు. మొన్న తమ కార్యాలయం నుంచి జవాబొచ్చింది: మంజూరైన జాబితాలో లేని మోటారు ఎందుకు కొన్నారు, సంజాయిషీ ఇచ్చేదాకా రెండో విడత లేదు.

ఏ మోటారు కాలుతుందో దరఖాస్తు పెట్టిన నాడే తెలిస్తే ఇక తమ గ్రాంటు దేనికండీ?

పెద్ద కంపెనీలకు ఈ బెడద లేదు. సొంత ల్యాబు మీద పెట్టిన ప్రతి వంద రూపాయలకూ ఆదాయపు పన్ను లెక్కలో ఒకప్పుడు రెండు వందలు ఖర్చు చూపించుకున్నాయి. 2017లో అది నూట యాభై, 2020లో నూరు అయింది. ఎంతైనా, ఆ రాయితీ అక్కరకు రావాలంటే ముందు లాభం రావాలి. షెడ్డులో లాభమెక్కడిది?

ఇలాంటివాళ్లకు అక్కరకొచ్చేది గ్రాంటే. అమెరికా ఇంధన శాఖ చిన్న కంపెనీలకిచ్చిన గ్రాంట్ల మీద ఆర్థికవేత్త సబ్రినా హోవెల్ చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. తొలిదశలో లక్షన్నర డాలర్లు అందుకున్న కంపెనీలకు ఆ తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపైంది. నమూనా చేసుకోగలిగారు కాబట్టి. రెండో దశలో ఇచ్చిన పెద్ద మొత్తాలతో అంత ఫలితం కనబడలేదు. ఈ ఆఖరి వాక్యం చూసి సంబరపడకండి. తమరు ఆపింది తొలిదశ డబ్బులో సగం!

ఇంకోటి. 1986 చట్టం పేరు చెప్పి టెక్నాలజీ దిగుమతుల మీద సెస్సు వసూలు చేసి, 2017లో ఎత్తేశారు. ఆ డబ్బు అందాల్సిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డుకు చేరింది కొంచెమేనని కాగ్ తేల్చింది. 2025 జులైలో కేంద్ర కేబినెట్ పరిశోధనలకని లక్ష కోట్ల రూపాయల నిధికి ఆమోదం తెలిపింది. సంతోషమే. అది టెక్నాలజీ ఎంతవరకు సిద్ధమైందో కొలిచే తొమ్మిది మెట్లలో నాలుగో మెట్టుకు చేరినవాళ్లకట. కింది మూడు మెట్లు ఎవరెక్కిస్తారు? శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిందని అందరూ చంకలు గుద్దుకుంటారు. దానికి పెట్టుబడి ఒమన్ నుంచి రావలసి వచ్చిందని ఎవరూ అనరు.

అయ్యా, సంజాయిషీ పంపారు. బిల్లులు జతచేశారు. డిజైన్ చేసే కుర్రాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, నెలాఖరు దాకా ఆగమని యజమాని బతిమాలుతున్నాడు. దయచేసి ఆ ఫైలు కదిలించండి. ఇవ్వరాదనుకుంటే ఆ మాటైనా రాసి పంపించండి.

ఇట్లు,
బాలానగర్ షెడ్డు తరఫున