నడవలో మైకు

నేను వాంకూవర్‌లో ఓ హోటల్ మైకుని. పెళ్లిళ్లలో నన్ను పట్టుకున్నవాడు వదలడు. కంపెనీ మీటింగుల్లో బాసు తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. ఐఈటీఎఫ్ వాళ్లు వచ్చాకే నాకు నలుగురి నోళ్లూ పరిచయమయ్యాయి.

1986లో శాన్‌డియాగోలో 21 మందితో మొదలైన గుంపు అది. ఏడాదికి మూడుసార్లు ఏదో ఒక ఊళ్లో కలుస్తారు. ఇంటర్నెట్ నడిచే పద్ధతులకి ప్రమాణాలు రాస్తారు. సభ్యత్వమంటూ లేదు, ఎవరైనా రావచ్చు. ఫీజూ విమానం టికెట్టూ భరించగలిగితే!

నన్ను నడవలో స్టాండుకి బిగిస్తారు, వెనక వరస కట్టేవారు. ఎంతటివాడైనా ముందు పేరు చెప్పాలి. కంపెనీ తరఫున కాదు, సొంతంగా మాట్లాడుతున్నట్టే లెక్క. "ముసాయిదాలోంచి ఆ 'తప్పనిసరి' తీసెయ్యండి, పాత రూటర్లు పడిపోతాయి" అంటారొకరు. "పడవు, నేను నడిపి చూశా" అంటారు వెనకాయన.

వాదనంతా నా మీదుగానే. తేల్చే వేళకి మాత్రం నాతో పనిలేదు. "ఒప్పుకునేవాళ్లు హమ్ చెయ్యండి" అనేవారు అధ్యక్షులు. జనం నోరు మూసుకుని 'మ్‌మ్' అనేవారు. తర్వాత కాదనేవాళ్ల వంతు. తలలు లెక్కపెట్టేవారు కాదు. వందమంది సరేనన్నా, అయిదుగురి అభ్యంతరానికి జవాబు దొరక్కపోతే ఒప్పందం కుదిరినట్టు కాదు. ఇక్కడ కుదిరినా, రాలేనివాళ్లని ఈమెయిల్లో అడిగాకే ఖాయం.

2013 నవంబరు సంగతి చెప్పాలి. అమెరికా నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు బయటపడి కొద్ది నెలలే. ఇంటర్నెట్ మీద మూకుమ్మడి నిఘాని దాడిగానే లెక్కించాలా అని అడిగారు. హాలంతా తుమ్మెదల గుంపులా మోగింది, నా స్టాండు అదిరింది. 2014 మేలో ఆ మాటే ఆర్‌ఎఫ్‌సీ 7258 అనే పత్రంగా వెలువడింది. ఆ తోవలోనే, ఇంటర్నెట్ సంభాషణల్ని గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ పద్ధతికి 2018లో వచ్చిన 1.3 రూపం సర్వర్ సర్టిఫికెట్‌ని కూడా దారిలో ఎవరి కంటా పడనివ్వదు.

2020 మార్చిలో మళ్లీ ఇక్కడికే రావాల్సింది. కోవిడ్‌తో ఇళ్ల నుంచే కలిశారు. హమ్మింగుకి బదులు బటన్లొచ్చాయి. మోత ఎంత ఉందో సంగీతపు గుర్తుల్లో చూపే ఏర్పాటు కొన్నాళ్లు నడిచింది, ఆ తర్వాత చెయ్యెత్తే బటన్. ఎందరు నొక్కారో తెర మీద అంకె పడుతుంది.

2024 జులైలో తిరిగొచ్చారు. వరస కూడా ఇప్పుడు ఫోన్లోనే. అంకె ఓటు కాదని ఎన్నిసార్లు చెప్పినా, కనబడ్డాక కన్ను దాని మీదికే పోతుంది. ఈ మాట నేనే లేచి చెప్పేదాన్ని. కానీ వరసలో ముందు పేరు చెప్పాలి, నాకేమో పేరు లేదు.